మైనస్ 80 ఏలినవారి సముఖానికి

విశాఖపట్నం

మా ప్రయోగశాల నమూనాలను మైనస్ 80 డిగ్రీల చలిలో దాచే మహారాజశ్రీ మైనస్ 80 ఫ్రీజర్ వారి సముఖానికి,

తమ గది తాళంచెవి, తమ ఉష్ణోగ్రతల రిజిస్టరు మోసే పరిశోధక విద్యార్థి నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమమని రాయడం ఆనవాయితీ. కానీ మా క్షేమం తమ తలుపు మీది ఎర్ర అంకెను బట్టి ఉంటుంది కనుక ముందు వెళ్లి దాన్ని చూసి వచ్చాను. మైనస్ 79 అంటోంది. కాబట్టి ప్రస్తుతానికి క్షేమమే.

మే నెల విశాఖ ఎలా ఉంటుందో తమకు తెలిసే అవకాశం లేదు. సముద్రపు గాలి అంటూ పైవూళ్ల వాళ్లు ముచ్చటపడతారు. ఆ గాలి మోసుకొచ్చేది ఉప్పు, చెమ్మ. ప్రయోగశాలలో మేము పాత సెమినారు ఆహ్వాన పత్రికలతో విసురుకుంటూ పిపెట్లు పట్టుకుంటాం. ఏసీ మాత్రం తమ గదిలోనే. లోపలి వేడినంతా తోడి తమరు గదిలోకి వదులుతారు, గది వేడెక్కితే తమ కంప్రెసర్లు రొప్పుతాయి, అందుకని చల్లబరిచే యంత్రాన్ని చల్లబరచడానికి ఇంకో యంత్రం. తమ కడుపులో ఉన్నవే రెండు కంప్రెసర్లు. మొదటిది పుట్టించిన చలితో రెండోదాని వాయువు ద్రవంగా మారుతుంది, అది లోపలి గోడల్లో ఆవిరవుతూ అరలను మైనస్ 80కి దింపుతుంది. మూడోది గోడకు వేలాడుతోంది. వయసు మళ్లిన తమవంటి వారు రోజుకు 20 యూనిట్ల దాకా కరెంటు తాగుతారు. స్కాలర్లకు ఫెలోషిప్ నెలల తరబడి ఆగినా ఎవరూ కంగారుపడరు. తమకు కరెంటు కాసేపు ఆగితే మాత్రం హెడ్డు గారంతటివారు చెప్పులు వేసుకోకుండా మెట్లు దిగి వస్తారు.

తమ గొప్పతనాన్ని కాదనే సాహసం నాకు లేదు. ఆకు తెంపిన క్షణం నుంచే అందులో జన్యు సందేశాలు మోసే ఆర్‌ఎన్‌ఏను తుంచే ఎంజైములు పనిలోకి దిగుతాయి. అవి ఆకులోనే కాదు, మా వేళ్ల మీదా ఉంటాయి, చెమటలోనూ ఉంటాయి, విశాఖలో చెమటకు కొదవ లేదు. అనంతగిరి కొండల్లో కోసిన ఆకును అక్కడికక్కడే లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి, ఘాట్ రోడ్డు మలుపులన్నీ దిగి తెచ్చి, తమ అరలో పెట్టేదాకా మాకు ఊపిరాడదు. రోగుల రక్తం నుంచి తీసిన సీరమూ, గ్లిసరాల్ కలిపి దాచిన బాక్టీరియా కూడా తమ దయ మీదే బతుకుతున్నాయి. ఇంతవరకు కృతజ్ఞతలు.

ఇక అసలు సంగతి. తమ తలుపు మీది అంకె మాకు ఒక ధైర్యం ఇస్తుంది: ఇప్పుడు చూడకపోయినా ఏమీ కాదన్న ధైర్యం. నమూనా తేవడం కష్టం, దాచడం సులువు, దాచినదాన్ని తీసి చూడడం మహా కష్టం. అందుకని మా శాఖలో పరిశోధన రెండో మెట్టు మీదే ఆగిపోతోంది. ఏడాది చివరి నివేదికలో "నమూనాలు సేకరించి భద్రపరచడమైనది" అని రాస్తే కమిటీ వారు తలలూపుతారు. ఆ తర్వాత ఏమైందని అడిగే అలవాటు వారికీ లేదు.

మూడో అర వెనక్కి చేయి పెట్టి చూశాను. గ్లవ్‌జు వేసుకున్నా వేళ్లు కొంకర్లు పోయాయి. తలుపు తీసినప్పుడల్లా లోపలికి దూరిన సముద్రపు చెమ్మ అక్కడ బెత్తెడు మంచుగా పేరుకుంది. గీకితే ఒక అట్టపెట్టె బయటపడింది. ఒకప్పుడు పసుపురంగు కాబోలు. లోపల వరసగా ట్యూబులు. మూతల మీద మార్కరు రాతను ఎవరో ఆల్కహాలు తడి చేతితో తుడిచేశారు. మిగిలినది "ఆర్కే, కొత్తది" అన్న రెండు ముక్కలు. ఆర్కే అంటే రామకృష్ణా బీచ్ ఇసుకలోని బాక్టీరియానా, రాధాకృష్ణ అనే పాత స్కాలరా అన్న విషయం మీద టీ దగ్గర పెద్ద చర్చ జరిగింది, తేలలేదు. "కొత్తది" అన్నది ఏ యుగానికి కొత్తదో కూడా తేలలేదు. పారేద్దామా అని గైడు గారిని అడిగాను. "ఉండనీవోయ్, ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నారు. పెట్టె తిరిగి తమ గర్భంలోకి వెళ్లింది. ఈ చలిలో కుళ్లేది ఏదీ లేదు కాబట్టి వాసన వచ్చి గుర్తు చేసే భాగ్యం కూడా మాకు లేదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను నీలిరంగుతో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. అదే పద్ధతిలో కండరపు రసాన్ని కొలుస్తుంటే రంగు రావలసినంత త్వరగా రాలేదు. ఎందుకు రాలేదని వెంటపడితే, ఆమ్లంలో ఇట్టే విరిగిపోయే ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది. కండరం అవసరానికి దాచుకునే శక్తి అది. అప్పుడు తమరు ఆ గదిలో ఉండి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించగలను. "రంగు సరిగా రాలేదా? మూత బిగించి లోపల పెట్టు, సెలవుల తర్వాత చూద్దాం."

తమరు లేనిదే గతి లేదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు, కోపగించుకోకండి. మా కింది అంతస్తులో వృక్షశాస్త్రం వారి హెర్బేరియం ఉంది. పాత పేపర్ల మధ్య నొక్కి, ఆరబెట్టి, అట్టకు కుట్టిన మొక్కలు ఇనుప బీరువాలో నాఫ్తలీన్ ఉండల వాసన మధ్య పడి ఉంటాయి. వాటికి కరెంటు మీటరు లేదు, అలారం లేదు. యూరప్‌లో అలా దాచిన 19వ శతాబ్దపు బంగాళాదుంప ఆకుల నుంచి డీఎన్‌ఏ తీసి, ఐర్లండును కరువులో ముంచిన తెగులు ఏ రకానిదో 2013లో పట్టుకున్నారు. నార్వేకు చెందిన స్వాల్బార్డ్ దీవుల్లో 2008లో తెరిచిన విత్తన భాండాగారం ప్రపంచ పంటల విత్తనాలను మైనస్ 18 దగ్గర దాస్తోంది. ఇజ్రాయెల్‌లోని మసాడా కోట శిథిలాల్లో దొరికిన దాదాపు 2000 ఏళ్ల ఖర్జూర గింజను 2005లో నాటితే మొలిచింది. దాన్ని కాపాడింది ఎడారి ఎండ! కోవిడ్ రోజుల్లో మైనస్ 70 చలి కావలసిన ఫైజర్ టీకా పుణ్యమా అని తమ వంశం పేరు ప్రపంచమంతా మోగింది. మన ఊళ్లో మా జబ్బలకు గుచ్చుకున్నవి మాత్రం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటే చాలనుకునే కోవిషీల్డ్, కోవాగ్జిన్.

హుద్‌హుద్ సంగతి ఎత్తక తప్పదు. 2014 అక్టోబరు 12న ఆ తుపాను ఊరి మీద పడ్డప్పుడు తమరు ఇక్కడే ఉన్నారు, నేను సీనియర్ల నోట విన్నవాడిని. చెట్లు కూలి, స్తంభాలు వంగి, ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉంది. తాగే నీటికే జనం అల్లాడుతుంటే జనరేటరులో పోసే డీజిలు గురించి ఎవరిని అడగాలి? నిండుగా ఉన్న ఫ్రీజరు తలుపు తీయకుండా ఉంటే కొంత కాలం చలిని పట్టి ఉంచుతుంది, అంతకు మించి తమరి వల్లా కాదు. నన్ను వేధించేది తమరు కరగడం కాదు, ఆ తర్వాత తమరు చేసిన పని. కరెంటు వచ్చింది. కంప్రెసర్లు మూలిగాయి. మర్నాటికి తలుపు మీద మళ్లీ మైనస్ 80. ఏమీ ఎరగనట్టు! లోపల ఏది కరిగి మళ్లీ గడ్డకట్టిందో, ఏది చెక్కుచెదరలేదో చెప్పే నాథుడు లేడు. ఆ అరల నుంచి తీసిన నమూనాలతో ఎన్ని పట్టికలు థీసిస్‌లకు ఎక్కాయో నన్ను అడగవద్దు.

తమ బంధువర్గం చరిత్ర కూడా చదివాను. 2012లో అమెరికాలోని మెక్‌లీన్ ఆసుపత్రిలో ఒక ఫ్రీజరు చెడిపోయి 150 దాకా మానవ మెదళ్లు కరిగాయి. వాటిలో ఆటిజం పరిశోధన కోసం దాచినవి ఎన్నో. అప్పుడు బయట అంకె మైనస్ 79 అనే చూపిస్తోంది, అలారాలు నోరు మెదపలేదు. 2020లో న్యూయార్క్ రాష్ట్రంలోని రెన్సెలార్ పాలిటెక్నిక్‌లో అందుకు తలకిందులు: అలారం అదేపనిగా మోగుతుంటే, శుభ్రం చేసే ఉద్యోగి ఏదో సాయం చేద్దామని స్విచ్చు కట్టేశాడు. కిరణజన్య సంయోగక్రియ మీద రెండు దశాబ్దాల నమూనాలు పాడయ్యాయని వ్యవహారం కోర్టుకెక్కింది. అలారాన్ని ఎలా ఆపాలో రాసిన కాగితం ఫ్రీజరు మీదే అంటించి ఉందట.

కాబట్టి తమకు కొన్ని మార్పులు తెలియజేస్తున్నాను. రేపటి నుంచి తమరు మైనస్ 70. ప్రకృతిలో మైనస్ 80 దగ్గర గీత ఏదీ గీసి లేదు. అణువుల కదలిక నిజంగా స్తంభించాలంటే సుమారు మైనస్ 130కి దిగువకు పోవాలి, అది నైట్రోజన్ ట్యాంకుల రాజ్యం. ఎన్నో ప్రయోగశాలలు చాలా రకాల నమూనాలకు మైనస్ 70 చాలని మార్చుకున్నాయి, కరెంటు కూడా బాగా మిగులుతోంది. ఇకపై పేరు, తేదీ, ఎవరు ఎప్పుడు తీసి చూస్తారన్న మాట లేని పెట్టెకు తమ తలుపు తెరుచుకోదు. ఆర్కే పెట్టెకు మాత్రం గైడు గారు ఊరు వెళ్లేదాకా గడువు ఇచ్చాను.

పై అరలో ఒక చిన్న గ్లాసు పెట్టాను. నీళ్లు పోసి గడ్డకట్టించి, మంచు మీద ఒక రూపాయి బిళ్ల ఉంచాను. కరెంటు పోయి వచ్చాక బిళ్ల పైనే ఉంటే సరే, అడుగుకు చేరిందంటే తమరు కరిగారన్నట్టే. తలుపు మీది అంకెను తమరు యథాప్రకారం చూపించుకోవచ్చు.

ఇట్లు,
తమ మంచు గీకే
పరిశోధక విద్యార్థి

తా.క.: రెండో అరలో చేపల సంచి దొరికింది. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన వంజరం. అది నమూనా కాదని తెలిసింది. ఎవరిదైతే వారు వచ్చి తీసుకువెళ్లాలి.