దయ్యాలకు ఛార్జి మెమో

దయ్యాలు ఉన్నాయా లేవా అన్న విషయంలో మా కడపలో పెద్దగా తగాదా లేదు. ఉన్నాయి. జీతం లేకుండా, సెలవు లేకుండా ఉన్నాయి. అవి డ్యూటీ సరిగ్గా చేస్తున్నాయా అన్నదే నా అభ్యంతరం. ముప్పై ఏళ్లు గుమాస్తాగా మెమోలు టైపు చేసినవాణ్ణి, ఈ మాట ఊరికే అనడం లేదు.

పోయిన నెల మేనల్లుణ్ణి తీసుకుని గండికోటకు వెళ్లాను. మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం చూశాం. పెన్న లోయ అంచున ఫొటోలు దిగాం. చివరికి చెరసాల దగ్గరికి వచ్చాం. చిన్నప్పుడు మా జేజి ఈ చెరసాల గురించి చెప్పిన మాటలకు రాత్రిపూట ఒంటేలుకు కూడా ఒంటరిగా బయటికి పోయేవాళ్లం కాదు. సంకెళ్లు ఈడ్చుకుంటూ ఎవరో తిరుగుతారనీ, అర్ధరాత్రి దాటితే ఏడుపు వినపడుతుందనీ చెప్పేది. గుండె చిక్కబట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాను. గోడ మీద మేకుతో చెక్కిన గుండె బొమ్మ, దాంట్లోంచి దూసుకుపోయిన బాణం, చెరో పక్క ఒక పేరు, కింద ఫోన్ నెంబరు. ఫోన్ నెంబరు ఎందుకో నాకింకా అర్థం కాలేదు.

ఆ రాతిలో అంత లోతుగా గీయడానికి తక్కువలో తక్కువ అరగంట పట్టి ఉంటుంది. ఆ అరగంటా దయ్యం ఏం చేస్తున్నట్టు? కనీసం చెవి దగ్గర ఊదొచ్చు కదా! కోట బయట టెంట్లు వేసుకుని తెల్లవార్లూ స్పీకర్లు మోగించే కుర్రాళ్లకు కూడా ఇంతవరకు సంకెళ్ల చప్పుడు వినపడలేదట. స్పీకర్ల ముందు సంకెళ్లు ఏ మూలకి?

పక్క రాష్ట్రాల దయ్యాలను చూస్తే సిగ్గేస్తుంది. పుణెలో శనివార్‌వాడా కోట ఉంది. 1773 ఆగస్టు 30న మరాఠా రాజ్యాన్ని ఏలే పద్దెనిమిదేళ్ల పీష్వా నారాయణరావును అక్కడే నరికి చంపారు. ‘కాకా, మలా వాచవా’, అంటే చిన్నాన్నా నన్ను కాపాడు, అని ఆ పిల్లవాడు అరుస్తూ పరుగెత్తిన కేక పున్నమి రాత్రుల్లో ఇప్పటికీ వినపడుతుందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. రెండొందల యాభై ఏళ్లుగా ఒకే మాట, ఒకే భాష, ఒకే తిథి. క్రమశిక్షణ అంటే అదీ! రాజస్థాన్‌లో భాన్‌గఢ్ కోట దయ్యాలకైతే సర్కారు బోర్డే ఉంది: పొద్దుగూకాక, పొద్దుపొడవక ముందు లోపలికి రాకూడదని. పురావస్తు శాఖవాళ్లే ఒప్పుకున్నారు చూడండి అని ఆ బోర్డు ఫొటో అందరూ పంచుకుంటారు. ఆ శాఖవాళ్లు చాలా కట్టడాలకు పొద్దుగూకితే గేటు వేస్తారు. లోపల లైట్లుండవు, పాములుంటాయి, వాచ్‌మన్ ఇంటికి పోవాలి. అయినా పేరు భాన్‌గఢ్‌కే వచ్చింది.

మా దయ్యం ఇబ్బంది కూడా నేను అర్థం చేసుకోగలను. గండికోటను పెమ్మసాని నాయకులు ఏలారు, గోల్కొండ తరఫున మీర్ జుమ్లా పట్టుకున్నాడు, తర్వాత నవాబులు, మైసూరు హైదర్, చివరికి 1800లో నిజాం ఈ సీమనంతా ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. ఆ కాగితంలో కోటలు, చెరువులు, పన్నులతో పాటు దయ్యాలను కూడా అప్పజెప్పారో లేదో ఎవరూ చూడలేదు. ఏ భాషలో ఏడవాలో తెలియక ఊరుకుని ఉండొచ్చు. నిర్లక్ష్యం వరకైతే ఈ సాకుతో క్షమించవచ్చు.

కానీ అవినీతి?

మా సీమలో పాడుబడ్డ గుడికైనా, కోట బురుజుకైనా అసలు శత్రువులు గుప్తనిధుల ముఠాలు. అమావాస్య రాత్రి గడ్డపారలతో, ఈ మధ్య డ్రిల్లింగ్ మిషన్లతో కూడా వస్తారు. నంది కడుపులో వజ్రాలుంటాయని ఎవడో చెబుతాడు, వందల ఏళ్లుగా ఎండకూ వానకూ చలించని నంది తెల్లారేసరికి రెండు ముక్కలు. గర్భగుడిలో గొయ్యి. పక్కన పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయలు, కోడి ఈకలు. మేకలు తోలుకుని వచ్చినవాడు అది చూసి, చేతబడి చేశారు దేవుడో అని ఊళ్లోకి పరుగు. మనం గమనించాల్సింది ఆ నిమ్మకాయలనూ కోడినీ. అవి ఎవరికి? నిధికి కాపలా ఉన్న దయ్యానికి. అంటే పగలంతా అమాయకులను బెదిరించే ఉద్యోగి, అర్ధరాత్రి దొంగ రాగానే అరడజను నిమ్మకాయలు, ఒక నాటుకోడి పుచ్చుకుని పక్కకు తిరిగి నిలబడుతోంది. దీన్ని మా ఆఫీసు భాషలో మామూలు అంటారు. నిమ్మకాయకు లొంగే కాపలాదారుణ్ణి నేను నా సర్వీసులో చూడలేదు. మా దగ్గర రేటు ఇంకొంచెం మెరుగ్గా ఉండేది.

ఇక టౌన్లో దయ్యాల కొంపల సంగతి వేరు. నాకు తెలిసిన ప్రతి దయ్యాల కొంప మీదా కోర్టులో దావా ఉంది. అన్నదమ్ములకు భాగాలు తేలవు, బాడుగకు ఎవరూ రారు, కిటికీ రెక్క రాత్రంతా కొట్టుకుంటుంది. రాజీ కుదిరిన వారానికి దయ్యం ఖాళీ చేస్తుంది. ఏడాది తిరిగేసరికి అక్కడ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్.

సైన్సువాళ్ల వాంగ్మూలం కూడా ఫైలులో పెట్టాలి కాబట్టి పెడుతున్నాను. ఇంగ్లండులో విక్ టాండీ అనే ఇంజినీరు రాత్రిపూట లాబ్‌లో పని చేస్తుంటే ఒళ్లు జలదరించింది, కంటి కొసన బూడిదరంగు ఆకారం కదిలింది. తర్వాత చూస్తే బిగించి పెట్టిన సన్నటి కత్తి తనంతట తానే వణికింది. కూపీ లాగితే ఒక ఫ్యాను దొరికింది. సెకనుకు సుమారు 19 సార్లు కంపించే, చెవికి అందని శబ్దం దానివల్ల పుడుతోంది. తనకు కనపడిన దయ్యం ఆ శబ్దమేనని 1998లో అచ్చు వేశాడు. అమెరికాలో ఇంకో ఇంటివాళ్లకు అడుగుల చప్పుళ్లు, ఆకారాలు. ఇల్లు వెచ్చబెట్టే కొలిమి చెడిపోయి, దాంట్లోంచి కార్బన్ మోనాక్సైడ్ ఇల్లంతా నిండుతోందని తేలిందట. కంటి డాక్టరు విల్మర్ 1921లోనే ఆ కథ రాశాడు. బాగానే ఉంది. మే నెలలో కడపలో కిటికీకో కూలర్. దాని రొదలో 19 ఏమిటి, అన్ని అంకెలూ ఉంటాయి. ఆ లెక్కన ఇంటికి నాలుగు దయ్యాలు కనపడాలి. మాకు కనపడేది కరెంటు బిల్లు ఒక్కటే. నన్నడిగితే పాడుబడ్డ కట్టడాల్లో కాపురముండే తెల్ల గుడ్లగూబే నమ్మదగ్గ సాక్షి. తెల్లటి ఒళ్లు, రెక్కల చప్పుడు లేని ఎగరడం, గుండెలదిరే కీచు. పాపం, అది వచ్చింది ఎలుకల కోసం.

అన్నిటికన్నా పెద్ద అభియోగం ఇంకొకటి. రావాల్సినవాళ్లు రాకపోవడం.

1847 ఫిబ్రవరి 22న, నాటి కడప జిల్లాలోని కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీశారు. తలను కోట మీద వేలాడదీసి 1877 దాకా అట్లే ఉంచారు. ముప్పై ఏళ్లు! దయ్యమయ్యే హక్కు ఈ సీమలో ఎవరికైనా ఉంటే ఆయనకుంది. ఫలానా దొర గొంతు పట్టుకున్నాడని మా జేజి కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆ తల దిగిన ఏడు ధాత కరువు ఊళ్లను తినేస్తోంది. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని, కరువు సంగతి చూడమని సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ దొర లెక్క కట్టాడు. పౌనంటే అర కిలోకు తక్కువ. ఆకలితో పోయినవాళ్లు దయ్యాలవుతారన్నదే నిజమైతే, ఈ జిల్లాల్లో మనం కాలు పెట్టడానికి చోటుండకూడదు. వాళ్లెవరూ రాలేదు. వచ్చేదల్లా తెల్లచీర కట్టుకుని జుట్టు విరబోసుకున్న ఆడమనిషి. ఆమె బావిలో ఎందుకు పడిందో, ఎవరైనా తోశారో ఎవరూ అడగరు. గజ్జెల చప్పుడు మాత్రం ఊరంతటికీ వినపడుతుంది.

స్వార్థంతో నేను కోరుకునే దయ్యం కూడా ఒకటుంది. సి.పి. బ్రౌను కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తెలుగు గ్రంథాలు బాగు చేయించాడు. ఆ బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. ఆయన రాత్రిపూట అలా వీధుల్లోకి వచ్చి ఫ్లెక్సీ బోర్డులు చదివితే చాలు. మర్నాడు సగం బోర్డులు వాటంతటవే దిగిపోతాయి.

సరే, మెమో తయారైంది. నకళ్లు మూడు. తీసుకోవాల్సినవాళ్లు దొరక్కపోతే ఇద్దరు సాక్షుల ముందు గోడకు అంటించి రావాలన్నది పద్ధతి. మళ్లీ గండికోటకు వెళ్లాం. చెరసాల గోడకు మనిషి చేయి అందినంత మేరా పేర్లే. కాగితం అంటించడానికి జానెడు చోటు లేదు. కడుపు మండి, ఆ గుండె బొమ్మ కింద ఉన్న నెంబరుకు ఫోన్ చేశాను, వాణ్ణయినా నాలుగు దులుపుదామని.

‘మీరు డయల్ చేసిన నెంబరు మనుగడలో లేదు’ అంది ఆడగొంతు.

మేనల్లుడు రెండడుగులు వెనక్కి వేశాడు. “మామా, పోదాం పా” అన్నాడు.