గ్యాప్ సర్టిఫికెట్ గారూ, నా 23 ఏండ్లు ఏడ పెట్టిన్రు?

మహారాజశ్రీ గ్యాప్ సర్టిఫికెట్ గారికి,

నిన్న పొద్దంత తమరి కోసమే తిరిగిన. పదింటికి అడ్మిషన్ కౌంటర్ ముంగట నిలబడితే పదకొండున్నరకు కౌంటరాయన నా ఫైలు తిరగేసి "2002ల డిగ్రీ, 2025ల పీజీ, నడుమ గ్యాప్ సర్టిఫికెట్ ఏదమ్మా" అన్నడు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ప్రొవిజనల్, టీసీ, క్యాస్టు, ఇన్‌కం, అన్నీ మూడేసి జిరాక్సులు తెచ్చిన, తమరొక్కరే లేరు. తమరు చెప్పకపోతే ఆ 23 ఏండ్లు నేను బతికున్ననో లేదో వాళ్లకెట్ల ఎరుకైతది పాపం.

సరే అని కోర్టు కాడికి పోయిన. 100 రూపాయల స్టాంపు పేపరు ఎంతకు కొన్ననో అడుగొద్దు. టైపు చేసే పిలగాడు మా పెద్దపిల్ల ఈడోడు, కంప్యూటర్ల మీ ఫైలు రెడీగ పెట్టుకున్నడు, పేరు మార్చుడే పని. "గ్రూప్స్ ప్రిపరేషన్ అని కొట్టాల్నా మేడం, అందరు గదే పెట్టిస్తరు" అన్నడు. 23 ఏండ్ల సంది గ్రూప్స్ ప్రిపేర్ అయితున్న అంటే నన్ను చూసి నోటిఫికేషనే సిగ్గుపడ్తది, వద్దన్న. "మరేం చేసిన్రు?" "ఇంట్ల ఉన్న." "అయితే సింపుల్" అని టకటక కొట్టి ప్రింటు తీసిండు. ఇంగ్లీషుల ఉంది గాని సారం గిది: ఈ కాలంల నేను యాడ చదువలేదు, ఏ పని చెయ్యలేదు, ఇంటికాడ ఖాళీగ ఉన్న అని ప్రమాణం చేసి చెప్తున్న. పైన ఎవరో పిలగాని 'సన్ ఆఫ్' అట్లనే ఉండిపోతే అది దిద్దిండు, ఖాళీ మాత్రం దిద్దలే. ఫార్మాటంట.

ఏ పని చెయ్యలేదంట!

2003ల పెండ్లయింది, ఆయన పుణె దిక్కు మేస్త్రీ పనికి పోతే అత్తకు మంచంల అన్నీ నేనే చేసిన. 2006ల ఉపాధి హామీ మొదటి విడతలనే మా పాలమూరుకు వచ్చె, తర్వాత డిగ్రీ చదివిన పిల్ల అని నన్ను మేటును చేస్తే ఎర్రటెండల నలభై మందికి హాజరేసిన, టేపు పట్టి గుంతలు కొలిచిన. (ఇప్పుడు నాకే 75 శాతం హాజరుండాలంట, కాలం చూడు.) డ్వాక్రా సంఘం లెక్కలు పదేండ్లు రాసిన, ఒక్క రూపాయి తేడా రాలే. మా వాడకట్టుల సగం పింఛన్ల దరఖాస్తులు నా చేతిరాతే. ఇగ పత్తి. ఏరి ఏరి వేళ్ల గీతలు అరిగిపోయినయ్, ఇన్‌కం సర్టిఫికెట్‌కు పోయిననాడు బయోమెట్రిక్ మిషన్ల వేలు పడ్తనే లేదు, కొంగుతోని తుడిచి తుడిచి అయిదోసారి పెడితే పడ్డది. ఖాళీగున్నోళ్ల వేళ్లు అరుగుతయా? నువ్వెవనివయా నన్ను ఖాళీ అననీకి, నువ్వున్నది ఒక్క పేజీ, అది గూడ డబుల్ స్పేసింగ్!

నేను ఇంట్ల ఉన్నప్పుడే 2008ల పాలమూరుకు సొంత యూనివర్సిటీ వచ్చింది (నేను చేరేది అది కాదు, ఎందుకైనా మంచిదని చెప్తున్న), 2014ల రాష్ట్రం మారింది, 2016ల జిల్లా మారింది. ఇల్లు మాత్రం ఆడనే ఉంది. పాత టీసీ మీద మహబూబ్‌నగర్ జిల్లా ఆంధ్రప్రదేశ్, ఆధార్ల నాగర్‌కర్నూల్ జిల్లా తెలంగాణ, ఇద్దరు ఒకరేనా అని కౌంటరాయన నా మొఖం దిక్కు రెండుసార్లు చూసిండు.

మీ అన్న మైగ్రేషన్ సర్టిఫికెట్ గారు, ఒక యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి పోతే అడిగేటాయన, ఇంకో మహానుభావుడు. మైగ్రేషన్‌కు ప్రూఫు పాలమూరోళ్లను అడుగుతరా? మా ఊర్లె ఇంటికొకలు బొంబాయి బస్సెక్కి పోయిండ్రు, ఊరూరు తిరిగి కాల్వలు తవ్వొచ్చిండ్రు, ఒక్కనికన్న ఎవడన్న సర్టిఫికెట్ ఇచ్చిండా?

మీ అందరికన్న బస్సుల కండక్టరక్క నయం. ఆధార్ చూసి జీరో టికెట్ చింపిచ్చింది, ఇన్నేండ్లు యాడికి పోయినవని అడుగలే.

మల్ల మూడింటికి పోతే లంచ్ అయిపోలే. మూడున్నరకు ఆయన వచ్చి నా చేతిల నుంచి తమరిని తీసుకున్నడు. ఒక్క లైను చదువుతడేమో, చదివి "ఖాళీగ ఉన్నరా మేడం" అని అడుగుతడేమో, అప్పుడు చెప్పాలని బస్సుల కూసొని అంతా జోడించుకొని వచ్చిన. చదువలే. పంచింగ్ మిషన్ల పెట్టి గట్టిగ ఒత్తిండు, ట్యాగ్ గుచ్చి ఫైలు మూసే ముందల చూసిన, ఒక బొక్క సక్కగ ఖాళీ అన్నకాడనే పడ్డది.

ఇట్లు,
రోల్ నంబర్ ఇంకా రాని స్టూడెంట్