పాత దాగలి మొహం చెక్కించమనే మెసేజ్‌కి జవాబు

మళ్ళీ అదే మెసేజ్, దాగలి గురించి, అంటే కమ్మరి ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ గురించి. "పాత దాగలి దొరికిందా? ఇలా చేస్తే కొత్తదానిలా అవుతుంది" అని మొదలవుతుంది. కొలిమి పని మీద ఇష్టమున్నవాళ్ళ గ్రూపులన్నిటిలో తిరుగుతోంది. పంపేవాళ్ళందరూ మంచి మనసుతోనే పంపుతున్నారు, బాధంతా అదే. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: పల్లం పడిన మొహాన్ని (సుత్తి దెబ్బ పడే పై తలాన్ని) మిల్లింగ్ చేయించి, అంటే మెషిన్ కట్టర్‌తో చెక్కించి, చదును చేయాలి. పెచ్చులూడిన అంచుల్ని వెల్డింగుతో నింపి కత్తిలా తేల్చాలి. మెత్తబడితే ఎర్రగా కాల్చి నీళ్ళ డ్రమ్ములో దించాలి. తుప్పును యాసిడ్‌తో కడగాలి. ఖంగున మోగనిది పనికిరాదు. పక్కన కొట్టిన అంకెలు తయారైన సంవత్సరం. ఇవేవీ కుదరకపోతే రైలు పట్టా ముక్క చాలు.

ముందు మిల్లింగ్ సంగతి. మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. మిగతా తప్పుల్లో కొన్నిటినైనా దిద్దుకోవచ్చు. చెక్కేసిన ఉక్కు మాత్రం తిరిగి రాదు.

మొహం మధ్యలో 4 మి.మీ. పల్లం ఉందంటే అక్కడ 4 మి.మీ. ఉక్కు అరిగిపోయిందనుకోవడమే ఈ సలహాకు మూలం. ఆ లెక్కే తప్పు. మౌస్‌హోల్, పీటర్ రైట్ లాంటి పాత ఇంగ్లిష్ దాగళ్ళకు ఒళ్ళంతా మెత్తటి చేత ఇనుము (రాట్ ఐరన్). దాని మీద దాదాపు 12 మి.మీ. మందపు ఉక్కు పలకను కొలిమి వేడితోనే అతికించారు. పదును, అంటే కాల్చి చల్లార్చి తెచ్చిన గట్టిదనం, ఉన్నది ఆ పలకకే. ఏళ్ళ తరబడి సమ్మెట దెబ్బలు ఎక్కువగా మధ్యలోనే పడతాయి కాబట్టి పలక కిందనున్న మెత్తటి ఇనుము అక్కడ అణిగింది, పలక దానితోపాటే కిందికి వంగింది. అంటే పల్లంలో కూడా పలక మందం ఇంచుమించు మొదటిలాగే ఉంది. ఇప్పుడు దాన్ని మిల్లింగ్ మెషిన్ ఎక్కిస్తే కట్టర్ తినేది దేన్ని? అరగని రెండు చివర్లనూ. వంద ఏళ్ళ దెబ్బలు పోగొట్టనిది ఒక్క పూటలో పొట్టు పొట్టుగా నేల మీద పడుతుంది.

నమ్మకం కుదరకపోతే కళ్ళతోనే చూసుకోవచ్చు. దాగలి పక్క భాగాన్ని మొహానికి కాస్త కింద, అరచేయి వెడల్పున, ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్దండి. వెనిగర్‌లో తడిపిన గుడ్డను దాని మీద ఓ పావుగంట ఉంచి తీయండి. పైనున్న ఉక్కు ముదురు బూడిద రంగుకు తిరుగుతుంది. కింది ఇనుము తెల్లగా, కట్టెలో ఉన్నట్టు పీచు చారలతో కనిపిస్తుంది. రెంటికీ మధ్య సన్నటి గీత ఉంటుంది. ఆ గీతను కొమ్ము (మొనలా సాగిన చివర) వైపు నుంచి తోక (దానికి ఎదుటి చివర) వైపుకు వేలితో పట్టుకుని వెళ్తే మొహం ఎక్కడ దిగిందో గీత కూడా అక్కడే దిగి ఉంటుంది. ఒక స్కేలు పెట్టి గీత నుంచి మొహం దాకా నాలుగైదు చోట్ల కొలవండి. చెక్కించాలా వద్దా అన్నది ఆ కొలతలే చెబుతాయి.

ఇంకో చిక్కుంది. చేత్తో చేసిన పాత దాగలికి అడుగూ మొహమూ సమాంతరంగా ఉండవు. అడుగు ఎగుడుదిగుడుగా, మధ్యలో గుల్లగా ఉంటుంది. మెషిన్ మీద అడుగుని ఆన్చి బిగిస్తారు కాబట్టి కట్టర్ ఆ వంపును కూడా మొహం లోంచే లాగుతుంది. పల్లానికి 4 మి.మీ., ఒక చివర నుంచి ఇంకో చివరకు వాలుకు 3 మి.మీ. అనుకోండి. ఎత్తుగా ఉన్న చివర 7 మి.మీ. పోతుంది, మిగిలేది 5. ఆ 5 మి.మీ. పలక కింద ఉన్నది మెత్తటి ఇనుము. బరువైన సమ్మెట పడితే పలుచటి పలక దాని మీద వంగుతూ లేస్తూ అతుకు దగ్గర విడిపోతుంది. అప్పుడు దాన్ని బాగు చేసే దారి లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

స్వీడన్ నుంచి వచ్చిన కోల్స్వా, సోడర్‌ఫోర్స్ లాంటి పోత ఉక్కు దాగళ్ళకు పలకే లేదు కదా, వాటినైనా చెక్కించవచ్చా అని అడుగుతున్నారు. ఊడిపోయే పలక లేదన్నది నిజమే. కానీ అంత లావు దిమ్మలో పదును పైనుంచి కొంత లోతుకే దిగుతుంది. పైపొర తీసిన ప్రతిసారీ కింద దొరికేది అంతకంటే మెత్తనిది.

అసలు ఆ పల్లంతో మీకేం ఇబ్బంది వచ్చింది? వంకర కడ్డీని తిన్నగా చేసేవాళ్ళను అడగండి. కచ్చితంగా చదునైన మొహం మీద కడ్డీని కొడితే అది చదును దాకా వెళ్ళి స్ప్రింగులా మళ్ళీ కాస్త వెనక్కి వస్తుంది. చదును దాటి ఒక పిసరు కిందికి వంగితేనే వదిలాక తిన్నగా నిలుస్తుంది. ఆ చోటు ఇచ్చేది ఈ పల్లమే. నిజంగా చదును కావలసిన పనికి మొహంలో ఎక్కడో ఒకచోట చదును ఉండనే ఉంటుంది. ఉక్కు స్కేలును నిలబెట్టి, వెనక టార్చి వేసి, మొహం పొడుగునా అడ్డంగానూ జరిపి చూడండి. వెలుతురు దూరని చోట చాక్‌తో గీయండి. తోక వైపు చాలాసార్లు అలాంటి చోటు దొరుకుతుంది.

ఇక అంచులు. పెచ్చులూడిన అంచు చూస్తే మనసు చివుక్కుమంటుంది, ఒప్పుకుంటాను. కానీ కత్తిలాంటి అంచు దాగలికి మంచిది కాదు. దాని మీద ఎర్రటి ఇనుముకు మెట్టు దించితే మూలలో సన్నటి గాటు పడుతుంది. తర్వాతి దెబ్బలకు ఆ గాటు మీదికి ఇనుము మడతపడి లోపల బీటగా ఉండిపోతుంది. బరువు పడిన రోజున వస్తువు విరిగేది సరిగ్గా అక్కడే. అందుకే పని తెలిసినవాళ్ళు కొత్త దాగలి అంచుల్ని కూడా ముందే గుండ్రం చేసుకుంటారు. కొమ్ము దగ్గర ఓ 10 మి.మీ. గుండ్రం, తోక వైపు వెళ్ళేకొద్దీ తగ్గుతూ 3 మి.మీ. దాకా. పాత దాగలికి ఊడిన పెచ్చు లోతు దాకా మొత్తం అంచును రుద్దేయనక్కర్లేదు. పెచ్చు చుట్టూ నిలబడిన వాడి పెదవుల్ని మాత్రం 80 నంబరు ఫ్లాప్ డిస్కుతో నున్నగా కలపండి, గుంటను గుంటగానే వదిలేయండి. వాడి పెదవి ఉంటే తర్వాతి పెచ్చు అక్కడినుంచే లేస్తుంది, అదీ కంటి వైపుకే లేవొచ్చు. రుద్దుతున్నంతసేపూ చేయి ఆన్చి చూస్తూ ఉండండి. చేయి ఆనలేనంత వేడెక్కితే ఆగండి. పదునైన మెట్టు తప్పనిసరైన పనికి దాగలి మొహం మీదుండే చదరపు బెజ్జంలో దిగే కాడతో చిన్న ఉక్కు దిమ్మ చేసుకుంటే, దాని అంచును మీ ఇష్టం వచ్చినంత వాడిగా ఉంచుకోవచ్చు.

ఆ మెసేజ్ చెప్పినట్టు చల్లటి దాగలి మీద మామూలు రాడ్డుతో వెల్డింగ్ పెడితే ఏమవుతుంది? పూస (రాడ్డు కరిగి పడిన లోహపు వరుస) కింది ఉక్కు క్షణంలో ఎర్రబడుతుంది. చుట్టూ ఉన్న చల్లటి దిమ్మ ఆ వేడిని అంతే వేగంగా లాగేసుకుంటుంది. పూస కింద గాజులా పెళుసైన పొర, దాని పక్కన పదును దిగిపోయిన మెత్తటి పట్టీ, పైన ఆ మామూలు రాడ్డు పోసిన మెత్తటి లోహం. నాలుగు దెబ్బలకు పైది పుట్టగొడుగులా పరుచుకుంటుంది, లేదా కింది పెళుసు పొరతో సహా మొత్తం ఊడి వస్తుంది. అప్పుడు ముందున్న గుంట కంటే పెద్ద గుంట. బాగా గట్టి రాడ్డు వాడండని ఇంకొందరు సవరణ పంపుతున్నారు. క్రోమియం కార్బైడ్ రాడ్లు రాపిడికి తయారైనవి, దెబ్బకు కాదు. వాటి పూస చల్లారేటప్పుడే అడ్డంగా బీటలు తీస్తుంది.

వెల్డింగ్ అసలే వద్దని నేననను. అంచు పొడవునా పలక తునిగి, ఎక్కడా పని ఆన్చుకునే చోటు లేని దాగలికి అది న్యాయమైన వైద్యం. అయితే దిమ్మ మొత్తాన్ని ముందుగా దాదాపు 200 డిగ్రీల సెల్సియస్‌కు నెమ్మదిగా వేడి చేయాలి. 80 కిలోల దిమ్మకు ఇది గంటల పని. వేడిని అంచనాతో కాకుండా టెంపరేచర్ క్రేయాన్‌తో (ఒక నిర్ణీత వేడికి కరిగే సుద్దతో) చూసుకోవాలి. దానికంటే బాగా పైకి పోతే మిగిలిన మొహానికీ పదును పోతుంది. దెబ్బ తట్టుకునే రకం రాడ్డుతో చిన్న చిన్న పూసలు పోసి, ప్రతి పూసనూ వేడి మీదే సుత్తితో తట్టి, పనయ్యాక బూడిదలోనో సిరామిక్ ఊలులోనో కప్పి తెల్లారేదాకా ముట్టకూడదు. ఇవన్నీ చేసే మనిషి దొరికితేనే చేయించండి. పోత ఇనుము ఒళ్ళున్న ఫిషర్, వల్కన్ రకాలకైతే ఆ ఆలోచనే మానుకోండి. వేడి తేడాకు పోత ఇనుము పగులుతుంది.

ఎర్రగా కాల్చి డ్రమ్ములో దించడం గురించి రాస్తుంటే నాకు కోపం ఆగట్లేదు. ఎనభై కిలోల ఎర్రటి ఇనుమును గొలుసుకు వేలాడదీసి నీళ్ళలోకి దించమని, ఎప్పుడూ కొలిమి ముట్టనివాడికి చెబుతారా? ఎగిరేది మరిగే నీరూ ఆవిరీ. గొలుసు జారితే కింద ఉన్నది కాళ్ళు. ఇంతా చేసి ఫలితమైనా ఉంటుందా అంటే అదీ లేదు. చదునైన మొహం కింద ఆవిరి పొర చిక్కుకుని నీటిని దగ్గరికి రానివ్వదు. మొహం చాలినంత వేగంగా చల్లారదు, ఒంట్లో దాగిన వేడి తిరిగి పైకొచ్చి ఆ కాస్త పదునునూ దించేస్తుంది. దాగళ్ళు తయారు చేసినవాళ్ళు అందుకే నీటిని ధారగా, ఒత్తిడితో మొహం మీదికి వదిలేవాళ్ళు. నిలవ నీళ్ళతో ఆ పని కాదు. దీనికి తోడు ఎర్రగా కాలిన పాత అతుకు చల్లారేటప్పుడు విచ్చుకోవచ్చు.

అసలు మెత్తబడిందని ఎలా తేల్చారు? సుత్తితో ఒట్టి మొహాన్ని కొట్టి చూడకండి, గట్టి మీద గట్టి పడితే పెచ్చు ఎగురుతుంది. ఒక అంగుళం బేరింగ్ బాల్‌ను 25 సెం.మీ. ఎత్తు నుంచి వదలండి, స్కేలు పక్కన నిలబెట్టి తిరిగి ఎంత లేచిందో చూడండి. 18 నుంచి 22 సెం.మీ. లేస్తే మొహం బాగుంది. 12 కూడా లేవకపోతే మెత్తన. ఒకే చోట కాదు, మొహమంతా అరడజను చోట్ల చూడాలి. కొమ్ము పక్కనున్న మెట్టు మీద మాత్రం చూడకండి, ఉలితో కోసుకునేందుకు దాన్ని మెత్తగానే ఉంచుతారు. ఎక్కడ వేసినా బాల్ లేవకుండా, మొహాన్ని ఆకురాయి సులువుగా కొరుకుతుంటే అది ఎప్పుడో అగ్నిప్రమాదంలో కాలిన దాగలి అయి ఉండొచ్చు. దానికి మళ్ళీ పదును పట్టించడం తప్పు కాదు, కాకపోతే అంత దిమ్మ పట్టే ఫర్నేసూ నీటి ధారా ఉన్న హీట్ ట్రీట్‌మెంట్ చోటే చేయాలి. లేదా అలాగే వాడుకోవచ్చు. ఎర్రటి ఇనుము దాని కంటే మెత్తనే. గురి తప్పిన సుత్తి దెబ్బకు సొట్టలు పడతాయి, అంతే.

యాసిడ్: వద్దు. పలక అతుకులోనూ బీటల్లోనూ దూరి అక్కడే ఉండి తింటుంది, గట్టి ఉక్కును పెళుసుగానూ మారుస్తుంది. వైరు బ్రష్షు, నూనె గుడ్డ చాలు. పని చేస్తుంటే మొహం దానంతటదే మెరుస్తుంది.

మోత: ఫిషర్ దాగలి మోగదు, పోత ఇనుము ఒళ్ళు కాబట్టి. దాన్ని కొనుక్కునేవాళ్ళు కొందరు ఆ నిశ్శబ్దం కోసమే కొంటారు. గొలుసు చుట్టి మొద్దుకు బిగించినా మోత పడిపోతుంది. మోత పనికొచ్చేది ఒక్క చోట: చేత ఇనుము దాగలి మొహం మీద చిన్న సుత్తితో రెండేసి సెంటీమీటర్లకు ఒకసారి తట్టుకుంటూ పోతే, అంతా ఖంగుమని ఒకచోట మాత్రం మొద్దుగా పలికితే అక్కడ పలక విడిపోయి ఉండొచ్చు.

అంకెలు: పాత ఇంగ్లిష్ దాగలి మీద 1 2 10 అని ఉంటే అది సంవత్సరం కాదు, బరువు. మొదటిది 112 పౌండ్ల లెక్క, రెండోది 28 పౌండ్ల లెక్క, మూడోది విడి పౌండ్లు. 112, 56, 10 కలిపితే 178 పౌండ్లు, దాదాపు 81 కిలోలు. అందుకే మధ్య అంకె 3 దాటదు, చివరిది 27 దాటదు.

చివరికి రైలు పట్టా. ఇది చదివి తిట్టడానికే కూర్చున్నాను కానీ తిట్టలేను. ఆ మెసేజ్‌లో ఇదొక్కటీ సరైన మాట, అదీ సగమే చెప్పారు. పట్టాను పడుకోబెడితే కింద సన్నటి నడుము దెబ్బకు స్ప్రింగులా ఊగుతుంది, మీ బలమంతా ఆ ఊపులోనే పోతుంది. అదే ముక్కను నిలువుగా నిలబెడితే సుత్తి కింద మొత్తం పొడవు బరువు ఒకే వరుసలో ఉంటుంది. ఆన్చుకునే చోటు చిన్నదే అయినా సుత్తి మొహం కూడా అంతకంటే పెద్దదేమీ కాదు. కొమ్మూ తోకా లేని ఉక్కు దిమ్మను మొద్దులో దిగేసుకుని జీవితమంతా పని చేసిన కమ్మరులు ఎన్ని దేశాల్లో లేరు! కొత్తగా నేర్చుకునేవాళ్ళు మీటరు పొడవు ముక్కను బరువైన మొద్దులో కదలకుండా బిగించి, నిటారుగా నిలబడి పిడికిలి బిగించి చేయి వేలాడేస్తే వేళ్ళ కణుపులు తగిలే ఎత్తుకు పై చివర ఉండేలా చూసుకోవాలి. పై కోతను చదునుగా రుద్ది, అంచులు 3 మి.మీ. గుండ్రం చేశాక పని మొదలుపెట్టొచ్చు.