సీట్లో ఉండని హైఫన్ గారికి

మహారాజశ్రీ హైఫన్ గారికి,

అనంతపురం డీటీపీ సెంటర్ల తరఫున నమస్కరించి రాయునది ఏమనగా,

ఇంగ్లిష్ మాటల్ని కలిపే చిన్న గీత తమరు. నామవాచకానికి ముందైతేనే డ్యూటీ చేస్తారు. ‘ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్ బాయ్’లో రెండు చోట్లా హాజరు. ‘ది బాయ్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్’ అన్నామా, రెండు సీట్లూ ఖాళీ. పోతూ పోతూ ఇయర్‌కు ఒక ‘స్’ తగిలించి పోతారు.

మాకు అక్కడే తిప్పలు. ‘అయిదేళ్ల పిల్లోడు’ అనే నోరు మాది. ‘ఏళ్ల’లోనే బహువచనం ఉంది, పిల్లోడికి అతుక్కునే జిగురూ ఉంది. దాన్నే ఇంగ్లిష్‌లోకి దించితే ‘ఫైవ్ ఇయర్స్ ఓల్డ్ బాయ్’ అవుతుంది. తమరున్న చోట ఇయర్‌కు ‘స్’ పనికిరాదు. పోనీ బాయ్‌ని తీసేసి ఉత్త ‘అయిదేళ్లోడు’ అందామంటే, ‘ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్’లో మళ్లీ సీట్లోనే కూర్చుంటారు! ఇదేం రూలు సామీ?

చీనీ (బత్తాయి) నర్సరీ బిల్లు చూడండి. ‘హండ్రెడ్ ఇయర్-ఓల్డ్ ప్లాంట్స్’ అంటే ఏడాది వయసున్న అంటు మొక్కలు వంద. హండ్రెడ్ పక్కన ఇంకో గీత పడిందా, అన్నీ వందేళ్ల చెట్లే, ఎన్నో లెక్క లేదు. అవి చీనీ చెట్లు, తిమ్మమ్మ మర్రిమాను కాదు. గీతలన్నీ ఎగ్గొడితే రైతు ఒకటి చదువుతాడు, నర్సరీ ఇంకోటి. అందుకే అంకె వేసి ‘100 వన్-ఇయర్-ఓల్డ్ ప్లాంట్స్’ అని కొట్టడం మేలు.

వయసు వేరు, గడువు వేరు. కర్నూలు 1953 అక్టోబర్ 1 నుంచి 1956 అక్టోబర్ ఆఖరు దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. నెల వదిలేస్తే అది ‘త్రీ-ఇయర్ క్యాపిటల్’. ఓల్డ్ తగిలిస్తే మూడేళ్ల కిందట పుట్టిన రాజధాని అవుతుంది, కొండారెడ్డి బురుజు నవ్విపోతుంది.

సెలవు అర్జీలో ‘టెన్-డే లీవ్’ సరే. డేస్ అనే రాయాలంటే దాని నెత్తిన అపాస్ట్రఫీ పెట్టి తమర్ని బయటికి పంపాలి. జనం మాత్రం ‘టెన్-డేస్ లీవ్’ అని రెంటినీ కలిపి వండుతారు.

అటూ ఇటూ స్పేస్ కొడితే ఎంఎస్ వర్డ్ తమర్ని సాగదీసి పొడుగు డాష్ చేస్తుంది. లైను చివర మాట తెగకుండా కంట్రోల్, షిఫ్ట్‌తో పాటు తమ మీటనూ కలిపి నొక్కి తమర్ని కట్టేస్తున్నాం. కోపం వద్దు.

ఇట్లు,
తమ విధేయులు

తా.క.: ‘ది మ్యాన్ ఈజ్ సిక్స్టీ-టూ ఇయర్స్ ఓల్డ్’లో అన్ని చోట్లా లేచిపోయి, సిక్స్టీకీ టూకీ మధ్య మాత్రం కదలరేం? ఆ సీటు పర్మనెంటా?