మహారాజశ్రీ కొక్కెం గారికి

నెల్లూరు నుంచి పాత మెడల్స్ పిచ్చివాడు వ్రాయునది. ఉభయకుశలోపరి.

గారూ అన్నాను కదా అని ఉబ్బిపోకు. అది నీ వయసుకిచ్చిన మర్యాద, నీకు కాదు. చూస్తే చిటికెన వేలి గోరంత ఉన్నావు. ఆదివారం పూట నలుగురిలో నా పరువు తీసింది మాత్రం నువ్వే.

చిన్నబజారులో పాత వెండి కొనే అంగడి ఒకటుంది. అక్కడికి నేను నెలకు రెండుసార్లన్నా పోతాను. మూసలో పడకముందు తట్టలోని సామాను ఒకసారి కెలుక్కోనిస్తాడు అంగడాయన. పట్టీలు, మొలతాడు బిళ్లలు, సొట్టపోయిన కుంకుమ భరిణెలు. మొన్న ఒక ముసలామె కందుకూరు దిక్కు నుంచి రూపాయిల దండ తెచ్చి తక్కెట్లో పెట్టింది. కిరీటం పెట్టుకున్న ఐదో జార్జి రూపాయిలు పన్నెండు. నడుమ ఒక్కటి మాత్రం వాటికన్నా పెద్దది, దానిమీద రాజుకు కిరీటం లేదు. నాకు గుండె ఆగినంత పనైంది. తిప్పి చూశాను. గుర్రం మీద ఒంటిన నూలుపోగు లేని వీరుడు, డెక్కల కింద గద్ద బొమ్మ డాలు, ఆ కింద పుర్రె, ఎముకలు. పక్కన 1914, 1918. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్లకు ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్! మూడు తులాలకు అటూ ఇటూగా మేలైన వెండి.

అప్పుడు నా చూపు పైకి పోయింది. అక్కడ నువ్వు కూర్చోనున్నావు.

అది నీ చోటు కాదు. అక్కడ ఉండాల్సింది అటూ ఇటూ తిరగని నిటారు కడ్డీ. దాంట్లోంచి 32 మిల్లీమీటర్ల వెడల్పు రిబ్బను దిగాలి. నడుమ నారింజ రంగు, అటూ ఇటూ తెలుపు, నలుపు, నీలం గీతలు. ఆ కడ్డీని ఎవరో ఆకురాయితో నున్నగా రాకిపారేసి, కాసులపేరులో కాసుకు పెట్టినట్టు నిన్ను తెచ్చి టంకం పెట్టారు. నీలోంచి రిబ్బను దూరదు. పసుపుతాడు దూరుతుంది.

మా గుంపు ఆచారాలు నీకు తెలియవు. మేం నలుగురం, ఆదివారం పొద్దున ట్రంకురోడ్డు పక్కన టీ అంగడి దగ్గర భూతద్దాలతో సహా కలుస్తాం. అసలు కడ్డీ ఉన్నది మడి, మార్చింది మైల. రిబ్బను మారిస్తే నీళ్లు చల్లి కలుపుకోవచ్చు. వెనక పిన్ను అతికించి బ్రోచి చేసినదాన్ని గడప బయట నిలబెడతాం. కొక్కెం పెట్టిందైతే వెలే. నిన్ను చూడగానే మాలో పెద్దాయన భూతద్దం కూడా తియ్యలేదు. "సగం ధర కూడా రాదు" అని టీ చల్లార్చుకుంటూ కూర్చున్నాడు.

ఆ పెద్దాయనే ఇంకో సంగతి చెప్పేటప్పుడు లొట్టలేస్తాడు. 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను పడిపోయాక కంపెనీవాళ్లు పతకాలు కొట్టించారు. సింహం పులిని కింద పడేసి తొక్కుతున్న బొమ్మ. బంగారంతో మొదలుపెట్టి తగరం దాకా, హోదాను బట్టి లోహం. మన మద్రాసు సిపాయిలు కూడా ఉన్న యుద్ధమే అది. ఆ పతకాలకు కంపెనీ అసలు కొక్కేలే పెట్టించలేదు. ఎవరి తగిలింపు వాళ్లు కంసాలి దగ్గర చేయించుకున్నారు. తర్వాత 1815 వాటర్లూ పతకం. దానికి ఉక్కు కొక్కీ, ఉక్కు రింగు ఇస్తే, అవి తుప్పు పడుతున్నాయనో, మోటుగా ఉన్నాయనో చాలామంది పీకించి వెండి తగిలింపులు పెట్టించుకున్నారు. వాటిని మా పెద్దాయన ఏమంటాడో తెలుసా? "ఆ కాలపు అలంకరణ" అంటాడు. కల్నల్ దొర చేయిస్తే అలంకరణ. సిపాయి పెళ్లాం చేయిస్తే చెడగొట్టిన పీసు. నీకు అనుకూలంగా ఒక్క మాటే రాస్తున్నాను, ఇంకా ఆశించొద్దు.

ముసలామె సంగతికి వస్తాను. "ఇదెవరిదమ్మా?" అంటే, "మా తాతదబ్బయా" అంది. "ఎండెను వోడు మద్రాసు మీద గుండ్లేసిన యేడు మిలిట్రీలో కలిసినాడంట. బస్రా పోయినాడంట." బస్రా అంటే ఇప్పటి ఇరాక్‌లోది. ఎండెన్ అనే జర్మనీ ఓడ మద్రాసు మీద గుండ్లు వేసింది 1914 సెప్టెంబరు 22న. తేదీ నాకు కంఠతా వచ్చు. ఆమెకు మాత్రం ఆ యేడు మొత్తం వచ్చు. ఎవరెవరు పొలాలొదిలి కొండల్లోకి పారిపోయిందీ, ధాన్యం ఎట్లా పాతరేసిందీ, అవ్వ చెప్పినవన్నీ వరసపెట్టి చెప్పింది. నేను వినలేదు. నా ధ్యాసంతా అంచు మీద ఉంది.

"మరి ఈ కొక్కెం ఎందుకు వేయించారమ్మా?"

"తాత దీన్ని జేబుకు తగిలించుకోని ఏడికి పోతాడు, వరి కయ్యల్లోకా? అవ్వ అడిగి తీసుకోని కొక్కెం ఏయించుకుంది. మెడలంటే మెడకు గాక ఇంకేడికబ్బయా?"

తక్కెడ పట్టుకున్న అంగడాయన ఒక్కసారిగా నవ్వాడు. నాకు బదులు తట్టలేదు. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఇంకా అన్యాయంగా అనిపించింది. మన భాష కూడా నీ పక్షమే. పతకం అంటే సిపాయికిచ్చేదీ అదే, ఆడవాళ్ల దండ నడుమ వేలాడేదీ అదే. దొరలు దాన్ని మెడల్ అని ఇచ్చారు. కందుకూరు దిక్కున దాని పేరు కూడా మార్చకుండా పతకం చేసేశారు. చెడగొట్టారని నేనెవరి మీద కేసు పెట్టను?

ఇంకొకటి కూడా చెప్పిందామె. అవ్వ ఆ గుర్రమాయన్ని ఎప్పుడూ లోపలి వైపుకే తిప్పి వేసుకునేదట, బట్టల్లేవని సిగ్గు. బట్టల్లేనాయన్ని లోపలికి తిప్పడమే ఇంకా సిగ్గు కదా అని నాకు తోచింది, పైకి అనలేదు. ఇన్నేళ్లూ రవికెకు రాసుకుని గుర్రం మొహం అరిగి గాడిదలా తయారైంది.

అంతకన్నా పెద్ద నష్టం అంచు మీద జరిగింది. ఈ మెడల్ అంచున సిపాయి నంబరు, హోదా, పేరు, దళం కొట్టి ఉంటాయి. మాకు ప్రాణం అదే. పేరు దొరికితే మనిషి దొరుకుతాడు. నువ్వు పక్కన రూపాయిల్ని కూర్చోబెట్టావు. అవి నూరేళ్లు రాసుకుని రాసుకుని ఆ అక్షరాల్ని తినేశాయి. సాపర్, అంటే ఇంజనీరింగ్ దళం సిపాయి, అన్న మాట మిగిలింది. పేరు చివర ఇంగ్లీషులో "య్య" మిగిలింది. మా జిల్లాలో సగం మంది తాతలు ఏదో ఒక అయ్యే. ముసలామెను అడిగితే పేరు చెప్పేదే. అడగలేదు. బేరంలో ఉన్నాను. "కొక్కెం పెట్టి చెడగొట్టేశారమ్మా, దీనికి పెద్దగా రాదు" అని నేనే అన్నాను, పెద్దాయన గొంతుతో. వెండి తూకానికి పైన కొంచెం ఇచ్చి దండలోంచి నిన్ను విడిపించుకున్నాను. మిగతా రూపాయిలు తట్టలోకి పోయాయి.

తర్వాత నీ మీద కుట్ర చేశాను, దాచను. నకలు రిబ్బను పోస్టులో తెప్పించాను. ఏదో పాడైపోయిన మెడల్ నుంచి ఊడదీసిన అసలు కడ్డీ ఒకటి సంపాదించాను. రెండూ తీసుకుని ఆచారి వీధిలో ఒక పెద్దాచారి దగ్గరికి పోయి, "ఈ కొక్కెం పీకి ఇది పెట్టండి" అన్నాను. ఆయన నిన్ను దీపం దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పి, గోరుతో గీకి, కంటికి ఆనించుకుని చాలాసేపు చూశాడు.

"టంకం ఏడ పట్టిందో చూపించు సామీ."

నాకు కనపడలేదు.

"నాగ్గూడా కనపడలా. ఇట్టాంటి పని ఇప్పుడెవురు చేస్తారు? నువ్వు తెచ్చిన కడ్డీ ఇంకో బిళ్లది గదా. దాన్ని దీనికి పెడితే అసలుదైపోద్దా? అదీ అతుకే."

నాకు చట్టం గుర్తొచ్చింది. 1972 నాటి పురావస్తువుల చట్టం లెక్కన వందేళ్లు నిండిన చారిత్రక వస్తువు పురావస్తువు. నువ్వు అతుక్కుని అన్నేళ్లూ అయి ఉంటే నువ్వు కూడా ఆ జాబితాలోకి వస్తావు. మైలను కడుగుదామని పోతే మైలే దేవతై కూర్చున్నట్టుంది. పైగా 1980 జనవరిలో వెండి ధర చుక్కలంటినప్పుడు నీ పతకం అన్నదమ్ములు, అసలు కడ్డీలతో నీటుగా ఉన్నవే, ఇంగ్లండులో కుప్పలకొద్దీ మూసల్లోకి పోయాయి. 65 లక్షల దాకా కొట్టిన మెడల్ కాబట్టి ఎవరూ బాధపడలేదు. కందుకూరు దిక్కున అవ్వ మెడలో ఉన్నది పోలేదు.

ఆ మెడల్స్‌లో కూడా తరగతులున్నాయని నీకు చెప్పడం మరిచాను. సిపాయిలకు వెండి. మూటలు మోసి, గుంతలు తవ్విన కూలి దళాలవాళ్లకు కంచు. మన దేశంవాళ్లూ, చైనావాళ్లూ, మాల్టావాళ్లూ ఆ కంచు లెక్కలోకి వచ్చారు. కంచుకైతే కంసాలి దగ్గర కొక్కెం కూడా దక్కి ఉండదు. చెంబులో కలిసిపోయుంటుంది.

ఇప్పుడు నువ్వు మా ఇంట్లో, గాజు పెట్టెలో, నీలం మఖమలు మీద ఉన్నావు. పక్కన ఆ నకలు రిబ్బను చుట్టగా పడుంది. ఎల్లుండి మా మరదలి కూతురి పెళ్లి. మా ఆవిడ పొద్దున పెట్టె తెరిచి, నిన్ను రెండు వేళ్లతో పట్టుకుని, అద్దం దగ్గర నల్లపూసల కింద పెట్టి చూసుకుంది. గుర్రమాయన్ని లోపలికి తిప్పింది. ఎవరూ చెప్పలేదు.

పాత వెండిని తోమకూడదన్నది మా గుంపు మొదటి సూత్రం. ఆ నలుపే దాని వయసు. వంటింట్లో ఇందాకే చింతపండు నానేశారు. ఈ ఉత్తరం ఇంతటితో ఆపుతున్నాను, ముందు ఆ గిన్నె దాచాలి.

ఇట్లు,
నీ సగం ధర యజమాని