పదేళ్లు దాటిన లారీకి డోరు దొరకదా?

"పదేళ్లు దాటిన బండికి బాడీ పార్టులు రావు. గుద్దుకుంటే తుక్కుకి ఇచ్చేయండి. పాత పార్టులు వేస్తే ఆర్టీవో కేసు రాస్తారు. ఇన్సూరెన్స్ ఉంటే డబ్బు ఎలాగూ వస్తుంది." శ్రీకాకుళం లారీ ఓనర్ల వాట్సాప్ గ్రూపుల్లో నెల రోజులుగా తిరుగుతున్న మెసేజ్ ఇది. నమ్మి ఎవరైనా బండి అమ్మేసుకునేలోపు నా గోడు వినండి.

పార్టులు రావా? మా టాటా 407 2008 మోడల్. సీతంపేట నుంచి పలాసకి జీడిపిక్కల లోడుతో వెళ్తూ, పాతపట్నం దాటాక తాటిచెట్టుకి రాసుకుంది. ఎడమ డోరు మడతపడింది, మడ్‌గార్డు ఊడింది, బంపర్ వంగింది. షోరూమ్‌లో డోరు లేదన్నారు, అంతవరకు నిజమే. కానీ 407 రోడ్డెక్కింది 1986లో. ఇన్నేళ్ల బండికి సామాను షోరూమ్‌లో వెతికితే ఎలా? గాజువాక ఆటోనగర్‌కి బయల్దేరుతుంటే మా టింకరింగ్ మేస్త్రి ఒకటే చెప్పాడు: "పాత డోరు కూడా ఎట్టుకెళ్లు బాబూ."

ఎందుకో అక్కడ తెలిసింది. మొదటి షాపువాడు చూపించిందీ 407 డోరే, కీళ్ల దగ్గర బోల్టు రంధ్రాలు మాత్రం అరంగుళం తేడా. రెండో షాపులో రంధ్రాలు కలిశాయి. అయస్కాంతం ఆనిస్తే పైన టక్కున పట్టుకుంది, కింద అంచున జారిపోయింది. తుప్పు తిన్న రేకు మీద లప్పం పెట్టి రంగు కొట్టారు! మూడో షాపులో మంచిది దొరికింది. మడ్‌గార్డు కొననే లేదు, మేస్త్రి రేకు కోసి చేశాడు. బంపర్ సాఫు చేశాడు.

ఆర్టీవో కేసు ఉత్త భయం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుపడేది ఆర్‌సీలో రాసిన వివరాలు మారితే. డోరు స్థానంలో అలాంటి డోరే వేస్తే ఏ వివరం మారదు. రంగు మాత్రం ఆర్‌సీలో ఉన్నదే వేయించండి, బిల్లు దాచుకోండి.

పదేళ్ల గడువు గొడవ ఢిల్లీ చుట్టుపక్కల డీజిల్ బండ్లది. మనకి ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ పాసవ్వాలి, అంతే.

అసలు ముంచేది ఇన్సూరెన్స్ మాట. పదేళ్లు దాటితే ఇనప భాగాల ధరలో 50 శాతం తరుగు కింద కోస్తారు. రబ్బరు, ప్లాస్టిక్‌కైతే కొత్త బండికైనా 50 శాతమే కోత. గాజుకి తరుగు లేదు. ఇంకో మెలిక ఉంది. సరుకు బండ్ల పాలసీలో ఐఎంటీ 23 అనే అదనపు కవర్ లేకపోతే లైట్లు, మడ్‌గార్డు, బానెట్, బంపర్, పెయింటింగ్‌కి పైసా రాదు, బండి మొత్తం పోతే తప్ప. చిన్న యాక్సిడెంట్లలో పోయేవి అవేగా! నా పాలసీలో అది లేదని సర్వేయర్ చెప్పేదాకా నాకూ తెలియదు. డోరుకి సగం వచ్చింది, మిగతాదంతా నా జేబులోంచే.

చాసిస్, అంటే బండిని మోసే కింది ఇనప చట్రం, వంగితే మాత్రం తుక్కు మాట ఆలోచించాల్సిందే. మేస్త్రి ఎదురెదురు మూలలకి టేపు పట్టి కొలిచాడు. రెండు కొలతలూ సమానంగా వచ్చాయి, అంటే చాసిస్ వంగలేదు. నిన్న బండి రాజాంకి లోడు వేసుకెళ్లింది.