కుక్కకు టోకెన్ దొరికిందా సార్?

జరిగింది బుధవారం. ఇప్పటికీ నేను టీ కోసం కుర్చీలోంచి లేస్తే చాలు, వెనకాల ఎవరో ఒకరు 'భౌ' అంటున్నారు. మానేజరు కూడా నవ్వు ఆపుకోలేక ఫైలు అడ్డం పెట్టుకుంటున్నాడు. కాబట్టి నా వైపు సంగతి కూడా ఒకసారి చెప్పేస్తాను.

మాది తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు మీద చిన్న ఆఫీసు. ఇంగ్లండులో ఉండే చిన్నాచితకా వ్యాపారాలకు ఇక్కణ్ణుంచి లెక్కలు రాసిపెడతాం. వారానికోసారి వీడియో కాల్. ఇన్నాళ్ళూ 'గుడ్ ఆఫ్టర్‌నూన్ సార్, ఇన్వాయిస్ పెండింగ్ సార్, థాంక్యూ సార్' అంటే గడిచిపోయేది. వాళ్ళకూ బాధ లేదు, మాకూ లేదు. హెడ్డాఫీసుకే ఏదో వెలితిగా తోచి, బెంగళూరు నుంచి ఒక ట్రైనరును పంపించారు.

ఆయన టై సర్దుకుంటూ చెప్పిందేమంటే, మా ఇంగ్లీషులో గ్రామర్ ఉందట గానీ ప్రాణం లేదట. ఫ్రేజల్ వెర్బులు, అంటే వెర్బు పక్కన ఆఫ్, డౌన్ లాంటి ముక్క తగిలించిన మాటలు, వాడితే ప్రాణం వస్తుందట. ఇకమీదట 'పోస్ట్‌పోన్' అనకూడదు, 'పుట్ ఆఫ్' అనాలి. 'రిజెక్ట్' అనకూడదు, 'టర్న్ డౌన్' అనాలి. 'టాలరేట్' బదులు 'పుట్ అప్ విత్'. ఉన్న ఒక్క మాట తీసేసి మూడు మాటలు పెట్టడం ఏం లాభమో, లెక్కలు రాసుకునేవాణ్ణి కదా, నాకు గిట్టుబాటు అనిపించలేదు. అయినా తల ఊపాను. అందరూ ఊపారు.

పోతూ పోతూ ఒక పీడీఎఫ్ ఇచ్చాడు. ఎడమ పక్క వెర్బు, కుడి పక్క అర్థం. ఒక్కోదానికి ఒక్కటే అర్థం. ఈ ముక్క కొంచెం గుర్తుపెట్టుకోండి. దాంతో పాటు ఒక రూలు కూడా పెట్టాడు: కాల్ మొదట్లో అయిదు నిమిషాలు పని ఊసెత్తకూడదు, స్మాల్ టాక్ చెయ్యాలి. మా మానేజరు దాన్ని చెక్‌లిస్టులో చేర్చి, పక్కన టిక్కు కొట్టడానికి గడి కూడా గీశాడు.

బుధవారం కాల్‌లో మా క్లయింటు ముఖం వాడిపోయి ఉంది. టిక్కు పడాలి కాబట్టి వీకెండ్ ఎలా గడిచింది సార్ అని అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "నాట్ గ్రేట్. వుయ్ హాడ్ టు పుట్ అవర్ డాగ్ డౌన్" అన్నాడు.

నా కళ్ళు మానిటర్ పక్కన అంటించుకున్న పీడీఎఫ్ కాగితం మీదికి పోయాయి. 'పుట్ డౌన్: రాసుకొనుట. ఉదాహరణ: పుట్ డౌన్ మై నంబర్.' అంటే, కుక్క పేరు రాయించాడు! 'హాడ్ టు' అన్నాడు కాబట్టి తప్పనిసరి, అంటే గవర్నమెంటు రూలు. పాపం శనివారం పూటా లైన్లో నిలబడి ఉంటాడు, అందుకే ముఖం అలా ఉంది.

మీకు నవ్వులాటగా ఉందేమో. తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి పేరు రాయించడం అంటే ఇంకేం గుర్తొస్తుంది చెప్పండి? బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషను ఎదురుగా విష్ణునివాసం, అలిపిరిలో భూదేవి కాంప్లెక్సు, అన్నీ దర్శనం టోకెన్లిచ్చే చోట్లే. మా ఇంటికి చుట్టాలొస్తే మేం మంచినీళ్ళ కన్నా ముందు అడిగేది 'టోకెన్లు దొరికాయా?' అనే. పైగా నా ఊహ మరీ గాల్లో పుట్టింది కూడా కాదు. తర్వాత కసికొద్దీ వెతికి చదివాను. ఇంగ్లండులో కుక్కకు లైసెన్సు ఉండాలనే రూలు 1987 దాకా నడిచింది. 2016 నుంచి కుక్క మెడ దగ్గర చర్మం కింద మైక్రోచిప్ పెట్టించి, యజమాని వివరాలు నమోదు చేయించడం తప్పనిసరి. కాబట్టి కుక్కను రాయించుకునే దేశమే అది.

"కంగ్రాచులేషన్స్ సార్!" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని నన్ను చూశాడు. "ఎక్స్‌క్యూజ్ మీ?"

"క్యూ బాగా పెద్దదా సార్?"

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా, లేదు, వెట్, అంటే పశువుల డాక్టరు, ఇంటికే వచ్చాడు అన్నాడు.

"హోమ్ సర్వీసా! సూపర్ సార్. మా ఊళ్ళో అయితే తెల్లవారుజామునే పోయి నిలబడాలి. ముసలివాళ్ళు కూడా వస్తారు. ఫ్యామిలీ ఫ్యామిలీ మొత్తం ఒకేసారి చేయించుకుంటారు. ఆధార్ ఉంటే చాలు."

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. చెక్‌లిస్టు ప్రకారం ఇంకా మూడు నిమిషాలు ఉంది. ఇంటి సంగతులు చెప్పండి, అప్పుడే బంధం గట్టిపడుతుంది అని కదా ట్రైనర్ చెప్పింది. సరిగ్గా అప్పుడే, మా అమ్మకు ఆన్‌లైన్లో మూడువందల రూపాయల దర్శనం టికెట్ తీసిన సంగతి గుర్తొచ్చింది. ఫ్రేజల్ వెర్బు వాడినట్టూ ఉంటుంది, ఇంటి సంగతి చెప్పినట్టూ ఉంటుంది.

"లాస్ట్ మంత్ ఐ పుట్ డౌన్ మై మదర్ ఆల్సో సార్. ఓన్లీ త్రీ హండ్రెడ్ రుపీస్. షి వాజ్ వెరీ హ్యాపీ."

ఆయన నోరు తెరిచి మళ్ళీ మూశాడు. నెట్ స్లో అయ్యి బొమ్మ ఆగిపోయిందనుకుని, "క్యాన్ యూ హియర్ మీ సార్? వన్ లడ్డూ ఈజ్ ఫ్రీ" అని కాస్త గట్టిగా కూడా చెప్పాను.

టేబుల్ కింద నా కాలి మీద పెద్ద తన్ను పడింది. పక్క సీటు పిల్లోడు మైకు మ్యూట్ చేసి, గొంతు తగ్గించి, "అన్నా! కుక్కకు సూదేసి చంపించినారంటన్నా వాళ్ళు! జబ్బు చేసిందంట! అమ్మ సంగతి ఎందుకు చెప్తివి నువ్వు?" అన్నాడు.

కాల్ ఎలా ముగిసిందో అడగొద్దు. ఇన్వాయిస్‌ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. సాయంత్రానికి మానేజరు క్షమాపణ మెయిల్ పంపాడు. క్లయింటు మర్యాదస్తుడు, మా అమ్మ పోయినందుకు సంతాపం తెలుపుతూ జవాబు రాశాడు. ఆ మెయిల్ చదివి వినిపిస్తే మా అమ్మ పప్పు తిరగమోత ఆపి, "ఎవుర్రా ఆ దొర, నన్ను పంపించేసింది?" అంది. ఈ మూడువందల లెక్క ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆ రాత్రి డిక్షనరీ తెరిచాను. పుట్ డౌన్ అంటే రాసుకోవడమే కాదట. బల్ల మీద పెట్టడం, అవమానించడం, తిరుగుబాటును అణచడం, అడ్వాన్సు కట్టడం, విమానాన్ని కిందికి దించడం కూడా అదేనట. చంటిబిడ్డను పుట్ డౌన్ చేశామంటే ఉయ్యాల్లో పడుకోబెట్టారని. కుక్కను చేశామంటే ఇక కుక్క లేదని. పోనీ నిద్రపుచ్చడానికి 'పుట్ టు స్లీప్' అందామా అంటే, కుక్క విషయంలో అదీ చంపించడమేనట. ఇంగ్లీషు నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్, 1755లోనే ముందుమాటలో పరాయివాళ్ళకు అన్నిటికన్నా ఎక్కువ కష్టం ఈ జంట మాటలతోనే అని ఒప్పుకున్నాడు. అంత పెద్దాయనకు అప్పుడే తెలిసిన సంగతి మా ట్రైనరుకు ఇంకా తెలియలేదు.

ఫోన్ చేసి అదే అడిగాను. "కాంటెక్స్ట్ చూసుకోవాలి సార్" అన్నాడు. కాంటెక్స్ట్ పీడీఎఫ్‌లో ఏ పేజీలో ఉందని అడిగితే, వేరే కాల్ వస్తోందని పెట్టేశాడు. మన తెలుగులో మాత్రం 'పోయాడు' అంటే బజారుకు పోయాడా, పైకి పోయాడా తెలుస్తుందా అన్నా అంటాడు పక్క సీటు పిల్లోడు. తెలియదు, నిజమే. కానీ మనం దాన్ని పీడీఎఫ్ చేసి లండన్ వాళ్ళ నెత్తిన రుద్దలేదు కదా, ఇది వాడకపోతే మీ తెలుగుకు ప్రాణం లేదని.

నిన్న ఆ ట్రైనింగ్ మీద మా అభిప్రాయం చెప్పమని హెడ్డాఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది. పైన 'ఫిల్ ఇన్' అని ఉంది, మెయిల్లోనేమో 'ఫిల్ అవుట్' అని రాశారు. లోపలికన్నా బయటికన్నా ఒకటేనట. సరే, ఎటో ఒకవైపు నింపుకుంటూ పోయాను. చిట్టచివర ఒక పెద్ద ఖాళీ గడి ఉంది. దాని పైన 'ప్లీజ్ పుట్ డౌన్ యువర్ ట్రైనర్స్ స్ట్రెంత్స్' అని ఉంది. ట్రైనరును ఏ అర్థంలో చెయ్యమంటారో తేల్చి చెప్పండి, నేను రెండింటికీ సిద్ధమే అని రిప్లై కొట్టాను. ఇంతవరకు జవాబు లేదు.